ప్రీఎక్లాంప్సియా రిపోర్టు చేతికొచ్చాక సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఎన్‌ఎల్‌ఆర్ ఎలా చదవాలి

ఎనిమిదో నెల చెకప్‌లో బీపీ 150/100 వచ్చింది, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందన్నారు, గర్భంలో ఇలా వచ్చే బీపీ జబ్బునే ప్రీఎక్లాంప్సియా అంటారు, డాక్టరు గారు రక్తపరీక్షలు రాశారు, సాయంత్రానికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చేసింది. తెరిచి చూస్తే సగం అంకెలు బోల్డ్‌లో, పక్కన ఎక్కువ అని గుర్తులు. తెల్లకణాలు ఎక్కువ, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ ఎక్కువ, ఈఎస్‌ఆర్ 58, సీఆర్‌పీ పాజిటివ్. ఇవన్నీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో ఇన్‌ఫెక్షన్‌కో ఒళ్ళు రగిలే ప్రతిస్పందన, ఉందేమో చూపే అంకెలు. డాక్టరు మళ్ళీ దొరికేది రేపు పొద్దున్నే, ఈలోగా ఇంటిల్లిపాదికీ టెన్షన్. నేను ల్యాబ్ వైపు మనిషిని, ఇలాంటి కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడే భర్తల్ని, అమ్మల్ని రోజూ చూస్తుంటాను. వాళ్ళకి నిలబెట్టి చెప్పే టైం ఉండదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు రిపోర్టు పక్కన పెట్టండి, మనిషిని చూడండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి బీపీ చూడండి. పై అంకె 160కి గానీ, కింది అంకె 110కి గానీ చేరినా, దాటినా పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి, అప్పుడూ అంతే ఉంటే ఇక రేపటిదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా మసక, ఆయాసం, పక్కటెముకల కింద కుడివైపు గానీ బొడ్డు పైభాగాన గానీ నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా బీపీ అంకెతో కూడా పని లేదు, 108కి ఫోన్ చేయండి. ముఖ్యంగా ఆ పొట్ట పైభాగం నొప్పి. మనవాళ్ళు దాన్ని గ్యాస్ అనుకుని ఏదో సిరప్ తాగించి పడుకోబెట్టేస్తారు. అది లివర్ దెబ్బతింటున్న నొప్పి కావచ్చు, దాని వెనకే ఫిట్స్ రావచ్చు. పల్లెల్లో గుర్రపు వాతం అని పెద్దవాళ్ళు భయపడేది ఆ ఫిట్స్ గురించే.

అవేవీ లేవంటే ఇప్పుడు కాగితం చేతిలోకి తీసుకోండి.

అసలు బీపీ జబ్బుకి ఇన్‌ఫ్లమేషన్ పరీక్షలెందుకు అనే సందేహం చాలామందికి వస్తుంది. మాయ, అదే ప్లాసెంటా, గర్భం మొదటి నెలల్లో గర్భసంచి గోడలోని సన్నటి రక్తనాళాల్ని వెడల్పు చేసుకోవాలి. కొందరిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. రక్తం సరిగ్గా అందక ఒత్తిడికి లోనైన మాయ రకరకాల పదార్థాల్ని, తన కణాల ముక్కల్ని తల్లి రక్తంలోకి వదులుతుంది, అవి ఒళ్ళంతా రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి, దాంతో తెల్లకణాలు రెచ్చిపోతాయి, లివర్ సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. 1999లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన క్రిస్ రెడ్‌మన్, మరో ఇద్దరు కలిసి ఒక మాట అన్నారు: మామూలు గర్భం కూడా తల్లి ఒంట్లో కాస్త ఇన్‌ఫ్లమేషన్ తెచ్చే స్థితే, ప్రీఎక్లాంప్సియా అనేది అదే ప్రతిస్పందన హద్దు మీరిపోవడం అని. ఈ మాటలో మీ రిపోర్టుకి సంబంధించిన కిటుకు ఉంది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికే ఈ అంకెలు పైకి ఉంటాయి, జబ్బున్నావిడకి ఇంకాస్త పైకి ఉంటాయి, ఆ రెంటి మధ్య గీత గీయడం ఎవరి తరమూ కాదు. వందమంది జబ్బున్నవాళ్ళనీ వందమంది లేనివాళ్ళనీ పక్కపక్కన పెడితే సగటులో తేడా కనిపిస్తుంది. మీ ఇంటి ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ తేడా ఏమీ తేల్చదు. పొగ కనిపిస్తుంది గానీ ఏ పొయ్యిదో తెలియదు, అంతే. అందుకే ప్రీఎక్లాంప్సియాని నిర్ధారించే ప్రమాణాల్లో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఎన్‌ఎల్‌ఆర్ (రెండు రకాల తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ మధ్య నిష్పత్తి) ఏవీ లేవు.

ఇంకో మాట. రిపోర్టులో కుడివైపు ఉండే నార్మల్ రేంజి గర్భం లేనివాళ్ళది. చాలా ల్యాబుల్లో సాఫ్ట్‌వేర్‌కి మీరు గర్భిణి అని తెలియదు, బోల్డ్ చేసేది అదే, మనిషి కాదు. కాబట్టి కింద నేను చెప్పే అంకెలతో పోల్చుకోండి.

తెల్లకణాలు, ఎన్‌ఎల్‌ఆర్

మామూలుగా 11,000 దాటితే ల్యాబ్ ఎక్కువ అని గుర్తు పెడుతుంది. ఆఖరి మూడు నెలల్లో 16,000 దాకా మామూలే, నొప్పులు మొదలయ్యాక ఇంకా పైకి పోతుంది. 13,500 చూసి ఇన్‌ఫెక్షన్ అని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేసేయడం నాకు ఒళ్ళు మండించే పని.

ఎన్‌ఎల్‌ఆర్ చాలా రిపోర్టుల్లో అచ్చయి ఉండదు, మీరే లెక్కేసుకోవచ్చు. డిఫరెన్షియల్ కౌంట్ అని ఉన్నచోట న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్స్ 16 అనుకోండి, సుమారు 4.9 వస్తుంది. గర్భం లేనప్పుడు ఇది ఎక్కువే అనిపిస్తుంది, నెలలు నిండేటప్పుడు నాలుగూ ఐదూ ఉండటం వింతేమీ కాదు. ప్రీఎక్లాంప్సియా తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఈ నిష్పత్తి ఎక్కువగా ఉందని చెప్పిన పరిశోధనలున్నాయి, పెద్దగా తేడా లేదన్నవీ ఉన్నాయి, హద్దు ఇదీ అని ఒక్కో చోట ఒక్కోలా చెప్పారు. ప్లేట్‌లెట్లని లింఫోసైట్లతో భాగించే పీఎల్‌ఆర్ సంగతి ఇంకా గందరగోళం, ఎందుకంటే జబ్బు ముదిరితే ప్లేట్‌లెట్లే పడిపోతాయి, అప్పుడు ఆ నిష్పత్తి తగ్గుతుంది, తగ్గింది కదా అని సంతోషించేవాళ్ళని ఏమనాలి. దాని జోలికి పోకండి.

ఎన్‌ఎల్‌ఆర్ చూసి భయపడేముందు ఒక్క ప్రశ్న: రక్తం తీసేముందు స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారా? నెలలు నిండకుండా కాన్పు చేయాల్సి రావచ్చు అనుకుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు గానీ, బీటామెథాసోన్ రోజుకొకటి చొప్పున రెండు డోసులు గానీ ఇస్తారు. అవి పడ్డాక తెల్లకణాలు పెరుగుతాయి, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. నిన్న 78, 16 ఉన్నావిడకి ఇవాళ 88, 8 వస్తుంది, అంటే ఎన్‌ఎల్‌ఆర్ 4.9 నుంచి 11కి ఎగబాకింది. జబ్బు రాత్రికి రాత్రి రెట్టింపైనట్టు కనిపిస్తుంది గానీ అందులో పెద్ద వాటా ఇంజెక్షన్‌ది. అది మళ్ళీ కుదుటపడటానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. ఇంజెక్షన్ ఇచ్చిన తేదీ, టైము రిపోర్టు మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి. వేరే డాక్టరు చూసినా ఆ ఒక్క గీతతో విషయం అర్థమవుతుంది.

సీఆర్‌పీ

ముందు యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి. రెంటికీ పది రెట్లు తేడా, ఒకచోట 1.2 అన్నది ఇంకోచోట 12. ఒకరోజు తేడాతో రెండు ల్యాబుల్లో చేయించి పది రెట్లు పెరిగిపోయిందని ఏడ్చినవాళ్ళున్నారు, ఆ రెండూ ఒకటే అంకె.

చిన్న ల్యాబుల్లో అంకె ఉండదు, పాజిటివ్ అనో నెగెటివ్ అనో రాస్తారు. అది గాజు పలక మీద సీరమ్ చుక్క, లేటెక్స్ చుక్క కలిపి రవ్వరవ్వగా గడ్డకడుతుందా లేదా అని కంటితో చూసే పరీక్ష, లీటరుకి సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే పాజిటివ్ చూపిస్తుంది. ఆఖరి నెలల్లో మామూలు గర్భిణికే 8 దాకా ఉండొచ్చు. అంటే పాజిటివ్ అన్న ఒక్క ముక్కతో మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. అంకె ఇచ్చే పరీక్ష చేయించమని అడగండి, లేదా వదిలేయండి.

బరువు ఎక్కువ ఉన్నవాళ్ళలో సీఆర్‌పీ ఎప్పుడూ కాస్త పైనే ఉంటుంది, జలుబు చేసినా, చిగుళ్ళు వాచినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. నిజం చెప్పాలంటే ప్రీఎక్లాంప్సియాలో సీఆర్‌పీ అసలు ఉపయోగం ఇక్కడే ఉంది, జబ్బుని కొలవడానికి కాదు, దానితోపాటు ఇంకేదైనా దాక్కుందేమో పట్టుకోవడానికి. 40, 60 అంటూ వచ్చిందంటే ప్రీఎక్లాంప్సియా వల్లేలే అని సర్దుకోకూడదు. జ్వరం, చలి, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, ఉమ్మనీరు కారడం, దుర్వాసన, వీటి గురించి అడగాలి, యూరిన్ కల్చర్ పంపాలి. ఆ ప్రశ్న డాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి.

ఈఎస్‌ఆర్ గురించి రెండు ముక్కలు చాలు. గర్భంలో రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, దాంతో ఈఎస్‌ఆర్ పెరుగుతుంది, రక్తం తక్కువగా ఉంటే ఈఎస్‌ఆర్ ఇంకా పైకి పోతుంది, ఆఖరి నెలల్లో 70 దాకా చూస్తాం. దీన్ని పట్టించుకోకండి.

ఫెరిటిన్ మాత్రం ఒక మెలిక పెడుతుంది. అది ఐరన్ నిల్వని చూపే పరీక్షే గానీ, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఐరన్ లేకపోయినా పైకి పోతుంది. ఫెరిటిన్ బాగుంది కదా అని ఐరన్ మాత్రలు ఆపేయకండి, హిమోగ్లోబిన్, ఎర్రకణాల సైజు కలిపి చూసి డాక్టరే చెప్పాలి.

హిమోగ్లోబిన్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. 10.2 ఉన్నది మూడు వారాల్లో 12.6 అయితే, ఖర్జూరాలూ బీట్‌రూట్ రసం పనిచేశాయని ఇంట్లో పండగ చేసుకుంటారు. బీపీ పెరుగుతున్న గర్భిణిలో అంత తొందరగా పెరిగితే కాస్త ఆలోచించాలి, రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి పోయి రక్తం చిక్కబడితే కూడా ఈ అంకె పెరుగుతుంది. కాళ్ళూ ముఖమూ ఉబ్బడం, హిమోగ్లోబిన్ పెరగడం ఒకేసారి జరిగితే అది తిండి వల్ల కాదేమోనని డాక్టరుతో అనండి.

అసలు తేల్చేవి ఇవి

పైవన్నీ ఇన్‌ఫ్లమేషన్ అంకెలు. ఆసుపత్రిలో ఉంచాలా, కాన్పు చేయాలా అని నిర్ణయించేది మాత్రం బీపీ, లక్షణాలు, బిడ్డ పరిస్థితి, వాటితోపాటు ప్లేట్‌లెట్లు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ ఎంజైములు. రిపోర్టులో మీ కళ్ళు ముందు పడాల్సింది వీటిమీద, ఎందుకంటే ఇవి చాలాసార్లు బోల్డ్ కాకుండానే చెడ్డవార్త మోసుకొస్తాయి.

ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే. మెల్లగా దిగుతుంటే ఆ దిగుడే ముఖ్యం, 2.1, 1.7, 1.3 లక్షలు అని మూడు రిపోర్టుల్లో వచ్చిందంటే ఇంకా లక్ష పైనే ఉంది కదా అని ఊరుకోకూడదు. అయితే మరీ తక్కువ అంకె హఠాత్తుగా వస్తే ఒక్కసారి ల్యాబ్‌ని అడగండి, స్లైడ్ చూశారా అని. ఊదారంగు మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుంటాయి, మిషన్ ఒక్కో గుత్తిని సరిగ్గా లెక్కపెట్టలేక 60,000 అని చూపిస్తుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే స్లైడ్ అంచున ఆ గుత్తులు కనిపిస్తాయి, నీలంరంగు మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీస్తే అసలు లెక్క చాలాసార్లు బయటపడుతుంది. ఇది అడగడానికి మొహమాటపడొద్దు, మంచి ల్యాబు సంతోషంగానే చూస్తుంది. కాకపోతే ఆ స్లైడ్ కోసం ఎదురుచూస్తూ డాక్టరుకి చెప్పడం ఆలస్యం చేయకండి.

క్రియాటినిన్ దగ్గరే అందరూ మోసపోతారు. గర్భంలో కిడ్నీలు ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి మామూలుగా 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. ల్యాబ్ రేంజి మాత్రం 1.1 అనో 1.2 అనో ఉంటుంది. 0.5 ఉన్నావిడకి 1.0 వస్తే కాగితం మీద ఏ గుర్తూ ఉండదు, కానీ రెట్టింపైంది. 1.1 దాటినా, రెట్టింపైనా అది తీవ్ర లక్షణం కిందే లెక్క. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకి ఇది మైక్రోమోల్స్‌లో వస్తుంది, 1.1 అంటే అక్కడ సుమారు 97. అక్కడి రిపోర్టుని ఇక్కడి బంధువైన డాక్టరుకి పంపేటప్పుడు యూనిట్ కూడా కనిపించేలా ఫోటో తీయండి.

లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ల్యాబ్ రేంజిలో పై హద్దుకి రెట్టింపైతే ఆందోళన పడాల్సిందే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువుంటే కంగారొద్దు, అది మాయ నుంచి కూడా వస్తుంది. ఎర్రకణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ 600 దాటి, ఎంజైములు పెరిగి, ప్లేట్‌లెట్లు లక్ష కిందికి పడితే దాన్ని హెల్ప్ సిండ్రోమ్ అంటారు, 1982లో లూయీ వైన్‌స్టీన్ పెట్టిన పేరు. ఇది గంటల్లో ముదరగలదు, కొందరిలో బీపీ పెద్దగా లేకుండానే వస్తుంది. ఇక్కడా ల్యాబు వైపు తిరకాసు ఒకటుంది: నరం దొరక్క సూదితో తిప్పలుపడి తీసినా, ట్యూబుని గట్టిగా ఊపినా ఎర్రకణాలు పగిలి ఎల్‌డీహెచ్ ఉత్తినే పెరుగుతుంది. రిపోర్టు కింద శాంపిల్ హీమోలైజ్డ్ అని సన్నటి అక్షరాల్లో ఉందేమో చూడండి. అయితే హెల్ప్‌లో ఒంట్లోనే కణాలు పగులుతాయి కాబట్టి, హీమోలైజ్డ్ అని రాసుంటే కొట్టిపారేయకుండా వెంటనే మళ్ళీ రక్తం ఇవ్వాలి.

యూరిక్ యాసిడ్ ఆరు దాటడం ఈ జబ్బులో మామూలుగా కనిపిస్తుంది, దాన్నిబట్టి ఎవరూ కాన్పు నిర్ణయించరు.

పెద్ద ఆసుపత్రుల్లో తల్లి రక్తంలో ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రోటీన్ల నిష్పత్తి చూసే పరీక్ష దొరుకుతుంది. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం మాయ ఎక్కువగా వదిలే ఎస్‌ఫ్లిట్-1 ఈ జబ్బుకి కీలకమని చూపించింది, ఈ పరీక్షకి పునాది అదే. ప్రీఎక్లాంప్సియా అనుమానం ఉండి తేలని దశలో నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉంటే రాబోయే వారంలో జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇన్‌ఫ్లమేషన్ పరీక్షల మీద డబ్బు పెట్టేకంటే ఇది నయం. జబ్బు అప్పటికే నిర్ధారణ అయిపోతే మాత్రం దీనికోసం పరుగెత్తక్కర్లేదు.

కాగితాలు పోగొట్టుకోకండి

ఒక్క రిపోర్టు చెప్పేది తక్కువ, వరసగా మూడు పెట్టుకుంటే చాలా చెబుతాయి. నోటుపుస్తకంలో ఒక పేజీకి అడ్డంగా తేదీలు, నిలువుగా బీపీ, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్, హిమోగ్లోబిన్, ఆఖర్న సీఆర్‌పీ రాసుకోండి. మన దగ్గర దీనికి పెద్ద అడ్డంకి పుట్టింటి ప్రయాణం. సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, ల్యాబు మారుతుంది, సరిగ్గా ఈ జబ్బు బయటపడే నెలల్లోనే. పాత రిపోర్టులు అత్తగారింటి బీరువాలో ఉండిపోతే కొత్త డాక్టరుకి 1.3 లక్షల ప్లేట్‌లెట్లు పడిపోయినవో, ఎప్పుడూ అంతేనో తెలియదు. మొదటి మూడు నెలల్లో చేయించిన రిపోర్టు అన్నిటికంటే విలువైనది, మాతా శిశు సంరక్షణ కార్డుతోపాటు అదీ సంచిలో ఉండాలి. వీలైతే ఒకే ల్యాబులో చేయించండి. ప్రైవేటు ఖర్చు భారమైతే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు చెకప్ ఉచితంగా ఉంటుంది, ఆశా కార్యకర్తని అడగండి. కానీ ప్రీఎక్లాంప్సియా అని ఇప్పటికే చెప్పాక 9వ తేదీ కోసం ఆగకూడదు.

ఇక ఇన్‌ఫ్లమేషన్ అనే మాట విని చేసే పొరపాట్లు. మందుల షాపులో వాపు తగ్గే మాత్ర అంటే డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో ఇస్తారు. ఐదో నెల దాటాక అవి బిడ్డ కిడ్నీలకి, ఉమ్మనీటికి హాని చేయొచ్చు, తల్లికి ఈ జబ్బులో అసలే కిడ్నీలు ఒత్తిడిలో ఉంటాయి. వద్దు. పసుపు పాలు, కషాయాలు ఏ అంకెనీ దించవు, మూలిక మాత్రలైతే లివర్ మీద అదనపు బరువు. డాక్టరు రాసిన తక్కువ డోసు ఆస్పిరిన్ సంగతి వేరు, అది ఈ లెక్కలోకి రాదు, మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆపకండి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ పెడతామంటే నొప్పి అని వద్దనకండి, ఫిట్స్ ముప్పుని సగానికి పైగా తగ్గించే మందు అది, 2002లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో తేలిన విషయం.

కాన్పయ్యాక

మాయ బయటికొచ్చేసింది కాబట్టి గండం గడిచిందని అనుకుంటారు. బీపీ ఎక్కువగా పెరిగేది కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో, అప్పటికి చాలామంది ఇంటికొచ్చేసి ఉంటారు. ఆ వారం రోజూ బీపీ చూడాలి, ఆరువారాల దాకా తలనొప్పి, మసక కనిపిస్తే బాలింత నీరసం అనుకోకుండా వెళ్ళాలి. ఈ రోజుల్లో సీఆర్‌పీ చూడటం వల్ల మాత్రం ప్రీఎక్లాంప్సియా గురించి ఏమీ తెలియదు, సిజేరియన్ అయితే రెండు మూడు రోజుల్లో అది వంద దాటడం కూడా జరుగుతుంది, తర్వాత దిగుతుంది. దిగకుండా మళ్ళీ పైకి ఎక్కుతుంటే, జ్వరం ఉంటే, కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ కోసం చూస్తారు.

ఆ నోటుపుస్తకం పేజీని మాత్రం పారేయకండి. మళ్ళీ గర్భం వస్తే మొదటి చెకప్‌కే అది పట్టుకెళ్ళాలి, ఎందుకంటే ఈసారి రాకుండా ఇచ్చే ఆస్పిరిన్ పదహారు వారాల లోపే మొదలుపెట్టాలి, పాత కాన్పులో ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయి, ఏ వారంలో కాన్పు చేశారు అన్నవి చూసే డాక్టరు ఆ నిర్ణయం తీసుకుంటారు.